నీళ్ళ మీద తేలిన లోహం

ఇంటర్‌లో మొదటి గ్రూపు ట్రెండ్స్ బట్టీ పట్టినవాళ్ళమే మనమంతా. కిందికి వెళ్ళేకొద్దీ లోహం మెత్తబడుతుంది, ద్రవీభవన స్థానం పడిపోతుంది. వీటిలో రెండింటిని మొదట బయటికి తీసిన హంఫ్రీ డేవీ ముందు మాత్రం ఏ పట్టికా లేదు.

1778లో ఇంగ్లండ్ నైరుతి కొసన పెంజాన్స్‌లో పుట్టాడు. తండ్రి కొయ్య చెక్కేవాడు. ఆయన పోయాక డేవీ ఒక వైద్యుడి దగ్గర పనికి కుదిరాడు. కెమిస్ట్రీ సొంతంగానే నేర్చుకున్నాడు. బ్రిస్టల్‌లో వాయువులు తానే పీల్చి చూస్తూ ఒకసారి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. యూనివర్సిటీ గడప తొక్కని ఈ కుర్రాడు 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరాడు.

1807 అక్టోబర్. పొటాష్‌ని నీళ్ళలో కలిపి కరెంటు పంపితే నీళ్ళే విడిపోతున్నాయి. చివరికి కాస్త చెమ్మ పట్టిన పొటాష్ ముక్కని ప్లాటినం బిళ్ళ మీద పెట్టి బ్యాటరీ కలిపాడు. ఋణధ్రువం దగ్గర పాదరసంలా మెరిసే బొట్లు! కొన్ని టప్పున పేలి మండాయి, కొన్ని తెల్లగా మాసిపోయాయి. పక్కనున్న బంధువు ఎడ్మండ్ చెప్పినదాన్నిబట్టి డేవీ గదంతా గంతులేశాడట. కొద్ది రోజులకే కాస్టిక్ సోడా నుంచి సోడియం కూడా వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే. అప్పటికి తెలిసిన లోహాలన్నీ నీళ్ళలో మునిగేవే. ఇవేమో తేలుతున్నాయి, చాకుతో కోస్తే తెగుతున్నాయి. మరి లోహాలనొచ్చా? డేవీ బరువుని పక్కనపెట్టి మెరుపునీ, వేడినీ కరెంటునీ మోసే గుణాన్నీ చూశాడు. లోహాలేనని తేల్చి పేర్ల చివర ‘ఇయం’ తగిలించాడు. పారిస్‌లో గేలుసాక్, తెనార్ కొంతకాలం ఒప్పుకోలేదు. పొటాషియం అంటే పొటాష్, హైడ్రోజన్ కలిసిన పదార్థమేనన్నారు. ఒక్క వేలెన్స్ ఎలక్ట్రానే కాబట్టి లోహబంధం బలహీనం అని మనం ఒక్క వాక్యంలో రాసేస్తాం. ఆయన రోజుల్లో ఎలక్ట్రాన్ అన్న మాటే లేదు.

పొటాషియం సోడియం కన్నా తేలిక అన్న మినహాయింపు గుర్తుందా? సాంద్రతలు 0.86, 0.97. నేనైతే పరీక్షలో ఎప్పుడూ తిరగేసేవాణ్ణి. డేవీ మాత్రం అంకెలు అంత కచ్చితంగా రాకపోయినా ఏది తేలికో సరిగ్గానే పట్టుకున్నాడు.

నవంబర్‌లో ఉపన్యాసం ఇచ్చి ఇదంతా ప్రకటించాడు. వెంటనే మంచానపడ్డాడు. వారాలపాటు ప్రాణం మీదికొచ్చింది, ఎలాగో గట్టెక్కాడు. 1829లో జెనీవాలో పోయాడు, యాభై ఏళ్ళకే.

సీజియం జాడ దొరికింది 1860లో. కరిగేది 28.5 డిగ్రీలకే. మన ల్యాబ్‌లో మే నెలలో అది గాజు గొట్టంలోనే ద్రవమైపోతుంది.