లెక్కతో రోగాన్ని జయించిన తెలుగు వైద్యుడు
అయోడిన్ ఉప్పు వెనుక డాక్టర్ రామలింగస్వామి కృషి

బాపట్ల: చినగంజాం ఉప్పు కొఠార్లలో ఎండకు తెల్లగా మెరిసే కుప్పలు ఈ ప్రాంతవాసులకు చిరపరిచితం. తెనాలిలోనైనా, రేపల్లెలోనైనా, బాపట్లలోనైనా ఉప్పు లేకుండా పూట గడిచే ఇల్లు ఉండదు. ఆ ఉప్పులో అయోడిన్ ఎందుకు కలపాలో లక్షమందికి పైగా ప్రజల లెక్కలతో దేశానికి నిరూపించిన వైద్యుడు తెలుగువాడేనన్న సంగతి మాత్రం ఇక్కడ కొద్దిమందికే తెలుసు. ఆయనే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

శ్రీకాకుళం నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ పూర్తిచేశారు. అనంతరం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించి 1951లో డాక్టరేటు పొందారు. నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో పనిచేసిన కాలంలో, తిండిలోని లోపం దేహంలో రోగంగా మారే తీరును ఆయన లోతుగా అధ్యయనం చేశారు. పేదల రోగాలకు మూలం ఆసుపత్రిలో కాక వారి కంచంలో ఉందన్న దృష్టి ఆయనకు అక్కడే అలవడింది.

కాంగ్రా లోయలో మహాయజ్ఞం

హిమాలయ పాదాలలోని కాంగ్రా లోయ నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. 1950వ దశకంలో అక్కడ నూటికి దాదాపు 40 మంది గొంతువాపు వ్యాధితో బాధపడేవారు. మెడ వద్ద కాయలాగా ఉబ్బడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. గర్భవతికి అయోడిన్ చాలకపోతే పుట్టే బిడ్డ బుద్ధిమాంద్యంతోనో, మూగ చెవిటితనంతోనో జీవితాంతం కుమిలిపోవలసి వచ్చేది. ఇది తమ తలరాత అని అక్కడి తల్లులు సరిపెట్టుకునేవారు.

రామలింగస్వామి, ఆయన సహచరులు లోయను మూడు ప్రాంతాలుగా విభజించారు. 1956 నుంచి రెండు ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ ప్రాంతానికి మామూలు ఉప్పును సరఫరా చేయించారు. సుమారు ఆరేళ్ల తరువాత మళ్లీ ఊరూరా తిరిగి పరీక్షించారు. అయోడిన్ ఉప్పు తిన్న రెండు ప్రాంతాలలోనూ గొంతువాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట వ్యాధి ఏమాత్రం తగ్గలేదు.

ఈ లెక్క వెనుక ఒక బరువు ఉంది. పోల్చి చూడడం కోసం ఒక ప్రాంతం ప్రజలు అన్నేళ్లు మామూలు ఉప్పుతోనే గడిపారు. ఆ బాకీ తీర్చవలసిన బాధ్యత లెక్క వేసినవారిపైనే పడింది. ఫలితం తేలిన వెంటనే ఆ ప్రాంతానికి కూడా అయోడిన్ ఉప్పు అందించారు. కొన్నేళ్లకు అక్కడ కూడా వ్యాధి తగ్గుముఖం పట్టింది. కాంగ్రా అనుభవమే ఆధారంగా 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఇది కొండప్రాంతాల జబ్బేనని మొదట అందరూ భావించారు. తరువాతి సర్వేలలో ఏ రాష్ట్రమూ ఇందుకు మినహాయింపు కాదని తేలింది. సముద్రపు ఉప్పు తినేవారికి ఈ బెడద ఉండదన్న నమ్మకం కూడా సరికాదు. కొఠారులో పండే ఉప్పులో సహజంగా మిగిలే అయోడిన్ అత్యల్పం. విడిగా కలిపితే తప్ప దేహానికి చాలదు.

భయం రాజ్యమేలిన వేళ

రామలింగస్వామి 1969 నుంచి 1979 వరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా వ్యవహరించారు. 1971లో పద్మభూషణ్ అందుకున్నారు. 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. పదవీ విరమణ చేసిన తరువాతనే ఆయనకు అత్యంత కఠినమైన పరీక్ష ఎదురైంది.

1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరంలో ప్లేగు వార్త గుప్పుమంది. లక్షలాది జనం రైళ్లు, బస్సులు పట్టుకుని నగరం విడిచిపోయారు. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు నిలిపివేశాయి. అది ప్లేగు అని కొందరు, కాదని కొందరు నిపుణులే వాదులాడుకున్నారు. ఆ గందరగోళంలో కేంద్రం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి 73 ఏళ్ల రామలింగస్వామి సారథ్యం వహించారు. రోగుల వివరాలను, ప్రయోగశాలల ఫలితాలను, ఎలుకల సమాచారాన్ని సంఘం ఒక్కచోట చేర్చి పరిశీలించింది. అది ప్లేగేనని నిర్ధారించింది. దేశంలో వ్యాధుల నిఘా వ్యవస్థ బలహీనంగా ఉందన్న చేదు నిజాన్ని కూడా ఆ ఘటన బయటపెట్టింది. 1997లో అంటువ్యాధుల నిఘాకు జాతీయ కార్యక్రమం, 2004లో సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం మొదలయ్యాయి.

నేడు ఉప కేంద్రం ఏఎన్ఎం నమోదు చేసే జ్వరాల, విరేచనాల లెక్క ఆ నిఘాలో భాగమే. 2024 సెప్టెంబరులో కృష్ణా వరద రేపల్లె, కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతాల లంక గ్రామాలను ముంచెత్తింది. అటువంటి విపత్తుల వేళ ఏ ఊరిలో ఏ రోగం తలెత్తుతున్నదో ముందుగా చెప్పగలిగేది ఆ లెక్కే. అది తప్పితే మందు చేరవలసిన చోటికి చేరదు.

చూడకుండానే కన్నుమూత

1996లో మరో ఇద్దరు నిపుణులతో కలిసి రాసిన వ్యాసంలో రామలింగస్వామి మరో చిక్కుముడిని విప్పారు. దక్షిణాసియాలో పిల్లల పోషకాహార లోపం ఆఫ్రికాలో కంటే ఎక్కువగా ఉండడానికి స్త్రీల దీనస్థితి ముఖ్య కారణమని అందులో తేల్చారు. తల్లి బలహీనంగా ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుందని వివరించారు.

అయోడిన్ లేని ఉప్పును ఆహారంగా అమ్మడంపై 1998లో అమల్లోకి వచ్చిన నిషేధాన్ని కేంద్రం 2000 సెప్టెంబరులో ఎత్తివేసింది. ఆ మరుసటి ఏడాది మే 28న రామలింగస్వామి కన్నుమూశారు. 2006 మేలో నిషేధం మళ్లీ అమల్లోకి రావడాన్ని ఆయన చూడలేకపోయారు. ఢిల్లీలో వైద్య పరిశోధన మండలి ప్రధాన కార్యాలయ భవనం నేడు ఆయన పేరుతోనే ఉంది.

ఉప్పు ప్యాకెట్‌పై అయోడిన్ అన్న మాట ఉన్నదో లేదో చూసి కొనడం, ఇంటికి తెచ్చిన ఉప్పును తేమ తగలకుండా మూత ఉన్న డబ్బాలో భద్రపరచడం గృహిణులకు క్షణం పని. కాంగ్రా తల్లులు తలరాత అనుకున్నది ఆ చిటికెడు ఉప్పుతోనే తొలగిపోయింది.