తిరగదనుకున్న గ్రహం – స్కియాపరెల్లి జీవితం

ధర్మవరంలో నడిమధ్యాహ్నం అయిన సుమారు ఒక్క నిమిషానికి హిందూపురంలో నడిమధ్యాహ్నం అవుతుంది. పెనుకొండ ఆ రెంటికీ నడుమ. భూమి తిరిగే వేగం అటువంటిది. మన అక్షాంశం దగ్గర గంటకు 1,600 కిలోమీటర్ల పైచిలుకు. అంతే రేఖాంశ భేదం బుధగ్రహం మీద వుంటే, ఆ ఒక్క నిమిషం రెండున్నర గంటలు దాటిపోతుంది. ఈ సంగతి మానవునికి తెలిసింది 1965లో. అంతకు ముందు డెబ్భై అయిదేళ్లు బుధునికి ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే అని లోకం నమ్మింది. నమ్మించినవాడు సామాన్యుడు కాడు. ఆయన పేరు జియొవాన్ని స్కియాపరెల్లి.

ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతంలోని సవిల్యానో అనే చిన్న ఊళ్లో 1835 మార్చి 14న పుట్టాడు. ఏడేళ్ల వయసులో, 1842 జూలైలో, సంపూర్ణ సూర్యగ్రహణం చూశాడు. ఆ ఊరి మతగురువు ఒకాయన చర్చి గంట గోపురం మీది నుంచి చిన్న దూరదర్శినిలో గ్రహాలను చూపించాడట. పల్లెటూరి పిల్లవానికి అట్లాంటి మనిషి ఒక్కడు దొరికితే చాలు గదా! టురిన్ విశ్వవిద్యాలయంలో 1854లో పట్టం పుచ్చుకొని, బెర్లిన్‌లో ఎంకే దగ్గర, రష్యాలోని పుల్కోవోలో స్ట్రూవే దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. 1860లో మిలాన్ నగరంలోని బ్రెరా వేధశాలలో చేరాడు. మరుసటి ఏడే హెస్పీరియా అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టాడు. 1862లో డైరెక్టరయ్యాడు. ఆగస్టు నెలలో రాలే ఉల్కలు 1862 నాటి తోకచుక్క విడిచిన ధూళేనని 1866లో తేల్చాడు. ఈ ఒక్క పనితోనే ఆయన పేరు నిలిచేది. కానీ లోకానికి గుర్తున్నది వేరే.

1877లో కుజుడు భూమికి బాగా దగ్గరకు వచ్చాడు. స్కియాపరెల్లి 22 సెంటీమీటర్ల దూరదర్శినితో రాత్రులు మేలుకొని పటం గీశాడు. నరాల మీద పని చేసేదేదీ, ముఖ్యంగా కాఫీ, పరిశీలనకు ముందు ముట్టేవాడు కాదు (పరీక్షల ముందు మన హాస్టలు సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మేలు). కుజుని మీద సన్నని గీతలు కనపడితే వాటికి ‘కనాలి’ అని పేరు పెట్టాడు. మన వైపు వంక వేరు, కాలువ వేరు. వంక దేవుడిచ్చింది, హంద్రీ-నీవా మనుషులు తవ్వింది. ఇటాలియన్‌లో ఆ ఒక్క మాట రెంటికీ సరిపోతుంది. ఇంగ్లీషులోకి పోయేసరికి అది తవ్విన కాలువే అయి కూర్చుంది. అమెరికాలో లోవెల్ అనే ధనికుడు 1894లో వేధశాల కట్టి, ఎండిపోతున్న గ్రహంలో జనం ధ్రువాల నీళ్లు మళ్లించుకుంటున్నారని పుస్తకాలు రాశాడు. 1898లో వెల్స్ నవలలో కుజవాసులు భూమి మీదికే దండెత్తారు. ఆ గీతలు చాలా మటుకు కంటి భ్రమ అని తర్వాత తేలింది. ఒక అనువాదం నుంచి యింత సాహిత్యం పుట్టడం నాకు ఇప్పటికీ వింతే.

బుధుని కథ మరీ విచిత్రం. బుధుడు సూర్యుని ఒడిలోనే వుంటాడు. రాత్రి చూద్దామంటే దిగంతం దగ్గర మసక. అందుకని 1882 నుంచి ఏడేళ్లు స్కియాపరెల్లి పట్టపగలే, బుధుడు నడినెత్తిన వుండగా చూశాడు. నూటయాభై దాకా చిత్రాలు గీశాడు. చూసినప్పుడల్లా దాదాపు అవే మచ్చలు, అదే చోట. 1889లో రోమ్‌లో రాజూ రాణీ వున్న సభలో ప్రకటించాడు: బుధుడు సూర్యుని చుట్టూ తిరగడానికి పట్టే 88 రోజుల్లోనే తన చుట్టూ తాను ఒక్కసారి తిరుగుతాడు, అంటే ఎప్పుడూ ఒకే ముఖం సూర్యునికి చూపుతాడు. అయితే కక్ష్య కోడిగుడ్డు తీరు గనుక ముఖం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే మేర ఒక పట్టీలో మాత్రం సూర్యుడు ఉదయించి అస్తమిస్తాడు. అక్కడ జీవం వుండవచ్చునా అని కూడా ఆలోచించాడు.

కథకులకు ఇంకేం కావాలి? మాడే సగం, గడ్డకట్టే సగం, నడుమ సందెపట్టీలో మనుషులు. అసిమోవ్ 1956లో రాసిన ‘ది డయింగ్ నైట్’ కథలో హంతకుడు పట్టుబడేదే ఈ నమ్మకం మీద. 1964లో లారీ నివెన్ తొలి కథ ‘ది కోల్డెస్ట్ ప్లేస్’ బుధుని చీకటి పక్కనే జరిగింది. సిరా ఆరీ ఆరకముందే కథ పాతదైపోయింది. పోర్టోరికోలోని అరెసిబో రేడియో దూరదర్శిని (2020లో కూలిపోయింది) నుంచి 1965లో పెటెంగిల్, డైస్ బుధుని మీదికి రాడార్ తరంగాలు పంపారు. తిరిగే గోళంలో ఒక అంచు మన వైపు వస్తుంది, ఇంకో అంచు దూరంగా పోతుంది. ఆ తేడాకు ప్రతిధ్వని పౌనఃపున్యం వెడల్పవుతుంది. దాన్నిబట్టి తేలింది 59 రోజులు! ఇది 88లో సరిగ్గా మూడింట రెండు వంతులని ఇటలీ వాడే అయిన కొలంబో పట్టుకున్నాడు.

మరి ఏడేళ్లు చూసిన కన్ను ఎట్లా మోసపోయింది? బుధుడు బాగా కనపడే అదను సుమారు 350 రోజులకొకసారి తిరిగి వస్తుంది. ఆ లోపల వాడు దాదాపు సరిగ్గా ఆరు చుట్లు తిరిగి మళ్లీ అదే ముఖంతో నిలబడతాడు. అదీగాక చూసింది పెద్దవాడు. 1934లో ఆంటోనియాది పటం గీసినా 88 రోజులే అన్నాడు. సరిపడని చిత్రాలను మబ్బు మీదికో కంటి మీదికో తోసేశారు. నాకు అసలు భయం కలిగేది ఇక్కడే.

ఇక సేద్యగాని లెక్క ఒకటి చూద్దాం. బుధుని మీద ఒక పగలూ రాత్రీ కలిసి 176 భూదినాలు, పగలు 88. మన శనక్కాయ చేతికి రావడానికి నూటపది రోజులైనా కావాలి. కాయ ఊరకముందే ప్రొద్దు గూకుతుంది. గాలి లేదు గనుక పగలు 430 డిగ్రీలు, రాత్రి సున్నాకు కింద 180. గాలి నింపితే చాలునా అంటే శుక్రుణ్ణి చూడండి: 243 రోజులకొక చుట్టు, అదీ వెనక్కి. దట్టమైన గాలి వేడిని మోయడం వల్ల రాత్రి కూడా 460 డిగ్రీలే. పరాయి గ్రహాన్ని భూమిలాగా మార్చడాన్ని టెర్రాఫార్మింగ్ అంటారు. 1942లో జాక్ విలియమ్సన్ కథలో పుట్టిన మాట. గాలినైనా తెచ్చి పోయవచ్చునేమో గాని, గ్రహాన్ని గిర్రున తిప్పడం ఎవరి తరం? కుజుని రోజు మాత్రం మన దానికన్నా 39 నిమిషాలే ఎక్కువ. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘రెడ్ మార్స్’ (1992)లో అర్ధరాత్రి గడియారాలు ఆ కాసేపు ఆగుతాయి. ఆయనే ‘2312’లో బుధుని మీద పట్టాలపై నడిచే నగరాన్ని కట్టాడు. భూమధ్యరేఖ దగ్గర ప్రొద్దు వెలుగు గంటకు మూడున్నర కిలోమీటర్లు జరుగుతుంది. అంటే మా ఎద్దులబండి గూడా రాత్రిని వదలకుండా పోగలదు.

చూపు మందగించి స్కియాపరెల్లి 1900లో పదవి విడిచాడు. ఆకాశం చూడలేక గ్రంథాలలోకి దిగి, హీబ్రూ చదివి, 1903లో పాత నిబంధనలోని ఖగోళం మీద పుస్తకం రాశాడు. 1910 జూలై 4న మిలాన్‌లో కన్నుమూశాడు. బుధుని సంగతి తప్పని ఆయనకు తెలియనే లేదు.

2017లో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్రని నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయని ప్రకటించారు. నక్షత్రానికి అంత దగ్గరగా వుండడంవల్ల అవి ఒకే ముఖం చూపుతుండవచ్చునంటున్నారు. అటువంటి గ్రహం మీద తగినంత గాలి వుంటే అది వేడిని చీకటి పక్కకు మోసి, అక్కడ గాలే గడ్డకట్టకుండా కాపాడగలదని 1997లోనే లెక్కలు వేశారు. బుధుని దగ్గర లేని సందెపట్టీని ఇప్పుడు అక్కడ వెతుకుతున్నారు.