కాలువ గట్టున కూలి లెక్కలు

మిషనెరీ అనగానే చేతిలో బైబిలు పట్టుకుని ఊరూరా సువార్త ప్రకటించే దైవజనుడే మన కళ్లముందు నిలుస్తాడు. కాని పరాయి దేశంలో ఆయన రోజులో ఎక్కువ భాగం వేరే పనులకే పోయేది. అధికారులకు అర్జీలు, స్వదేశంలోని సంఘానికి నివేదికలు, ఖర్చుల పద్దులు, బజారు పనులు... ఇవన్నీ ఆయనే చూసుకోవాలి. ఇలాంటి పనుల్లోనే దేవుణ్ణి సేవించి, తెలుగు క్రైస్తవ చరిత్రలో నిలిచిపోయిన వ్యక్తి ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూమి కొలిచే సర్వేయరు పని నేర్చుకున్నాడు. గొలుసు పట్టి నేల కొలవడం, కొలతలు పుస్తకంలో రాయడం ఆనాటి అతని బతుకుతెరువు. ఆ తర్వాత ప్రభువు పిలుపునందుకుని, 1864 చివరలో భార్య హ్యారియెట్‌తో కలిసి ఓడ ఎక్కాడు. 1865లో మన దేశం చేరి, మరుసటి ఏడాది ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే!

పదేళ్లకు ధాత కరువు వచ్చింది. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమంతా ఆకలితో అలమటించింది. పనీ లేదు, గింజా లేదు. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. పనికి వెళ్లిన మాదిగ కుటుంబాలను మేస్త్రీలు హీనంగా చూసేవారు. కడుపు నింపాల్సిన పనిలోనూ వారికి అవమానమే ఎదురైంది.

క్లౌ ప్రార్థన చేసి ఊరుకోలేదు. తానే ప్రభుత్వం దగ్గర మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎన్నడో నేర్చి వదిలేసిన సర్వే విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. ఇంజనీర్ల పటం ఆయనకు అర్థమైంది, మట్టి కొలత తెలిసింది. సంఘ బోధకులనే మేస్త్రీలుగా నిలిపాడు. తాగే నీటికి బావులు తవ్వించాడు, జ్వరం పడినవారిని చూసుకున్నాడు. వేలాదిమందికి పని దొరికింది. పగలు పార పట్టినవారు విశ్రాంతి వేళ బోధకుల చుట్టూ చేరి వాక్యం విన్నారు.

దేవుడు మన జీవితంలో ఏ అనుభవాన్నీ వృథా చేయడు. గొర్రెలు కాసిన దావీదు చేతికి వడిసెల అలవాటైనట్లే, నేల కొలిచిన క్లౌ చేతికి కాలువ లెక్క అలవాటైంది.

అయితే అసలైన పరీక్ష అది కాదు. కూలి తీసుకున్నవారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఏ మిషనెరీకైనా అది సంతోషకరమైన వార్త. స్వదేశానికి పంపే నివేదికలో గొప్ప సంఖ్య రాసుకోవచ్చు. క్లౌ మాత్రం ఒప్పుకోలేదు. తన చేతిలో కూలి డబ్బు ఉన్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. పదిహేను నెలలు అలాగే ఆగాడు. అన్నం కోసం వచ్చారన్న మాట ఆ బీదలకు రాకూడదు, రొట్టె చూపి ఆత్మలను కొన్నామన్న మచ్చ సువార్తకు అంటకూడదు.

1878లో కరువు సహాయం ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి బోధకులను రమ్మన్నాడు, జనాన్ని తేవద్దన్నాడు. అయినా జనం వచ్చారు. ఇక ఇచ్చేందుకు నా దగ్గర ఏమీ లేదని ఆయన చెప్పాడు. తమకు డబ్బు అక్కర్లేదని, ప్రభువే కావాలని వారన్నారు. వారిని పరీక్షించి, పేర్లు పట్టీలో రాయించాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఆ నీళ్లలో బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే. ఆ ఏడాది చివరికి సంఖ్య 9,606కు చేరింది. క్లౌ 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించాడు.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం గుర్తు చేసుకోండి. విధవరాండ్రకు అన్నం పంచే లెక్క చూడటానికి కూడా ఆత్మతో నిండినవారినే సంఘం ఏర్పరచుకుంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, బీదల కోసం పోగైన చందా విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా పౌలు ఎంత జాగ్రత్త పడ్డాడో చూస్తాం. లెక్క రాయడం ఆత్మీయతకు తక్కువ పని కాదు.

శ్రీరాంపూర్ గనుల్లో మస్టరు విలువ తెలియనివారు లేరు. ఒక్క మస్టరు తప్పు పడితే ఒక ఇంటి కూలి పోతుంది. పింఛను కాగితం నింపలేని ముసలమ్మ పక్కన కూర్చుని అది నింపి పెట్టే యువకుడు, సంఘ కానుకల పద్దు పైసాతో సహా రాసే కోశాధికారి, బీదవాడి వెంట ఆఫీసుకు నడిచే పెద్ద, వీరందరూ క్లౌ నడిచిన కాలువ గట్టునే నడుస్తున్నారు. మన సంఘాల్లో వాక్యం చెప్పేవారికి దండలు వేస్తాం, మంచిదే. లెక్క నిజాయితీగా రాసేవారిని కూడా గౌరవిద్దాం. సహాయం చేసిన చేతితోనే, సంఖ్య కోసం ఆత్మలను లాగకుండా ఆగగలిగే ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక.