మోటారు విద్యకు మహోపాధ్యాయుడు: జి.డి. నాయుడు

గత సంవత్సరము శీతకాలమున మేము మా కళాశాల విద్యార్థులతో కలిసి అరకు లోయకు విజ్ఞానయాత్ర వెళ్ళాము. విశాఖపట్నము నుండి శృంగవరపుకోట మీదుగా అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన కొంతసేపటికే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఒక ప్రక్క కొండ, మరియొక ప్రక్క లోయ. అనంతగిరి కాఫీ తోటలను, గాలికొండ మంచును, బొర్రా గుహలను చూచి విద్యార్థులు ఎంతగానో మురిసిపోయారు. కాని మా వ్యాసము ఆ సౌందర్యమును గూర్చి కాదు. తిరుగు ప్రయాణములో జరిగిన ఒక చిన్న సంఘటన మాకు ఒక మహనీయుని జీవితమును జ్ఞప్తికి తెచ్చినది. ఆ జీవితమును మా విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు నివేదించుటయే ఇక్కడ మా ఉద్దేశము.

కొండ దిగునపుడు వెనుక వరుసలలోని కుర్రవాళ్ళు వేగము పెంచుమని డ్రైవరును తొందరపెట్టసాగారు. డ్రైవరు వయసు మళ్ళినవాడు. ఆ మాటలను చెవిని పెట్టక చిన్న గేరులోనే బస్సును నెమ్మదిగా దించుచున్నాడు. ఇంతలో బి.కాం. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు లేచి ముందుకు వెళ్ళి, ఆ పెద్దవానిని చాచా అని పిలిచి, ఎడమ వెనుక చక్రము నుండి బ్రేకు లైనింగు మాడుచున్న వాసన వస్తున్నదని చెప్పాడు. తోటివారు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట బస్సును ఆపి, దిగి చూచాడు. మిగిలిన చక్రములు మామూలుగనే ఉన్నవి. ఆ ఒక్క చక్రపు డ్రమ్ము దగ్గరకు మాత్రము చేయి పోనీయనంత వేడిగా ఉన్నది. కాలు తీసినను ఆ బ్రేకు వదలక పట్టుకొనియే ఉన్నదట. డ్రమ్ము చల్లారువరకు వేచి, బ్రేకు సరిచేసుకొని, అందరము క్షేమముగా దిగివచ్చాము.

ఆ విద్యార్థి సాయంకాలములు తన మేనమామ మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడని మాకు ఆనాడే తెలిసినది. ఆ సంగతిని అతడు తోటి విద్యార్థులకు చెప్పుకొనలేదు. చేతికంటిన నూనె మరకలు కనబడకుండ కళాశాలకు వచ్చేవాడట. చదువు మానివేసి షెడ్డులోనే కుదురుకొందునా అని కూడ ఆలోచించుచున్నాడట. వేడెక్కిన బ్రేకు పట్టు ఎందుకు తప్పుతుందో ఏ పుస్తకములో వ్రాసియున్నదని అతడు మమ్ములను అడిగాడు. మేము సాహిత్యము చెప్పువారము, సమాధానము తెలియలేదు. ఊరికి వచ్చి గ్రంథాలయము వెదకితిమి. మోటారు వాహనములను గూర్చి ఒక్క పుస్తకమైనను కనబడలేదు. అప్పుడు మాకు కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు గుర్తుకు వచ్చారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామములో జన్మించారు. తరతరాల క్రిందట కొంగునాటిలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబము వారిది. బడి చదువు వారికి రుచించలేదు. ప్రాథమిక విద్యతోనే అది ముగిసినది. పొలము పనులలో పెరుగుచున్న ఆ బాలుడు ఒకనాడు ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి ఎక్కివచ్చిన మోటారు సైకిలును చూచాడు. ఎద్దు లేక, గుఱ్ఱము లేక, తొక్కుట లేక పరుగెత్తు ఆ బండి అతని మనస్సును పూర్తిగా దోచుకొన్నది.

చూచి ఆశపడువారు లోకములో కోకొల్లలు. నాయుడు గారు ఆశతో ఆగలేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. బల్లలు తుడిచి, పళ్ళెములు మోసి, రూపాయి రూపాయి కూడబెట్టి, చివరకు ఆ మోటారు సైకిలునే కొన్నారు. కొన్నవాడు దానినెక్కి ఊరంతయు తిరుగునని ఎవరైనను అనుకొందురు. నాయుడు గారు మాత్రము దానిని ఊడదీశారు. ఏ భాగము దేనిని కదిలించుచున్నదో చూచి, మరల బిగించారు. ఆ ఊడదీయుటయే ఆయనకు అక్షరాభ్యాసము, ఆ బిగించుటయే పరీక్ష అని మేము భావిస్తున్నాము. ఆ పరీక్షలో నెగ్గి ఆయన మెకానిక్కు అయ్యారు.

పిదప ప్రత్తి వ్యాపారములో అడుగుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధకాలమున ధనము సంపాదించి, బొంబాయి ప్రత్తి బజారులో దానిని పోగొట్టుకొన్నారు. ఓడినవాడు తనకు తెలిసిన విద్య దగ్గరకే తిరిగి రావలెను. కోయంబత్తూరులో ప్రసిద్ధ వ్యాపారియైన స్టేన్స్ దొర తోడ్పాటుతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ తానే నడిపారు. ఆ ఒక్క బస్సు నుండి యు.యమ్.యస్. అను సంస్థ పెరిగి, దేశములోనే పేరెన్నికగన్న బస్సు సర్వీసులలో ఒకటిగా నిలిచినది. సమయపాలనకు, వాహనముల మరమ్మతులో శ్రద్ధకు ఆ సంస్థ పెట్టినది పేరు.

ఇచ్చట మా యువకులు గమనింపవలసిన విషయము కలదు. నేడు కుర్రవాళ్ళు ట్యూనింగు అనగానే సైలెన్సరు మార్చి పెద్ద శబ్దము పుట్టించుట అని తలచుచున్నారు. నాయుడు గారి దృష్టిలో చక్కని ఇంజను అనగా ప్రతిదినము చెప్పిన వేళకు బయలుదేరి, చెప్పిన వేళకు చేరునది. నూరు మంది ప్రయాణికులు ఆ బస్సును నమ్మి బజారుకు, కచేరికి, ఆసుపత్రికి పోవుచున్నారు. ఇంజను సామర్థ్యమునకు అంతకు మించిన కొలబద్ద ఏది?

ఆయన ప్రతిభ బస్సులతో ఆగలేదు. 1937లో డి. బాలసుందరము నాయుడు గారితో కలిసి దేశీయమైన విద్యుత్ మోటారును వెలువరించారు. నేడు కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పుట్టినిల్లుగా పేరు పొందుటలో ఆ కృషికి గొప్ప పాలు కలదు. బ్యాటరీతో నడచు క్షౌరయంత్రము, పలుచని బ్లేడ్లు, పండ్ల రసము తీయు యంత్రము, కిరోసినుతో తిరుగు ఫ్యాను, మోసమునకు తావీయని ఓటు యంత్రము, ఇట్లు ఆయన చేసినవి అనేకములు. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు అందింపగలమని నిరూపించారు. సామాన్యునికి అందని యంత్రము యంత్రమే కాదన్నది ఆయన నమ్మకమని ఈ పనులే చెప్పుచున్నవి.

1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును రూపొందించారు. దాని వెల రెండు వేల రూపాయలు. కాని ఆ రోజులలో ఏ వస్తువును ఉత్పత్తి చేయవలెనన్నను ప్రభుత్వ లైసెన్సు కావలెను. అది లభింపలేదు. ఆ కారు అంతటితో ఆగిపోయినది. మన దేశపు మధ్యతరగతి కుటుంబము చిన్న కారు ఎక్కుటకు 1983 డిసెంబరులో మారుతి వచ్చువరకు వేచియుండవలసి వచ్చినది. ఒక్క కాగితము లేనందున ముప్పది ఏండ్లు గడచిపోయినవన్న మాట.

బడి చదువు లేని ఈ మనిషి విద్యను తృణీకరించినాడని ఎవరైనను అనుకొన్న పొరపాటే. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల వెలయుటకు మూలకారకుడు ఆయనయే. ఆ ఇంజనీరింగు కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అయితే నాలుగేండ్ల పాఠ్యక్రమము కాలహరణమని, పనితో కలిపి నేర్పిన స్వల్పకాలములోనే విద్య పట్టుబడునని ఆయన వాదించారు. నాటి ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన తప్పుకొన్నారు. నాలుగేండ్లు ఎక్కువో తక్కువో మేము తీర్పు చెప్పజాలము. ఆయన కలహించినది విద్యతో కాదు, విద్యకు షెడ్డుకు నడుమ లేచిన గోడతో అని మాత్రము చెప్పగలము.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. ఆ సంవత్సరమే, మే నెలలో, ఇంగ్లండులో సర్ హ్యారీ రికార్డో అను ఇంజనీరు కూడ మరణించారు. రికార్డో కేంబ్రిడ్జిలో చదివినవారు. పెట్రోలు ఇంజను బరువు లాగునపుడు లోపల టకటక కొట్టుకొను శబ్దమునకు కారణమును శోధించి, ఇంధనము గుణమే అందుకు ముఖ్యమని తేల్చినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఒకరు పుస్తకము నుండి ఇంజను దగ్గరకు నడచారు, మరియొకరు ఇంజనునే పుస్తకముగా చదివారు. జపానులో సోయిచిరో హోండా జీవితము ఈ రెండింటికిని వంతెన వంటిది. షెడ్డులో పని నేర్చిన హోండా పిస్టన్ రింగులు చేయబోయి విఫలుడై, లోహశాస్త్రము తెలియకపోవుటయే లోపమని గ్రహించి, ముప్పది ఏండ్ల ప్రాయములో సాంకేతిక పాఠశాలలో విద్యార్థిగా కూర్చున్నాడు. చేయి ఎక్కడ ఆగిపోవునో అక్కడ పుస్తకము అందుకొనవలెను.

కావున మోటారుపై మక్కువ గల విద్యార్థులు ఏమి చదువవలెను? తెలిసినవారిని అడిగి, కొన్ని గ్రంథములను తిరుగవేసి, మా అల్పబుద్ధికి తోచినది చెప్పుచున్నాము. మొట్టమొదట తన బండితో వచ్చిన యజమాని పుస్తకమును చదువవలెను. దానిని తెరువని వారే అధికులు. తరువాత కిర్పాల్ సింగ్ వ్రాసిన ఆటోమొబైల్ ఇంజనీరింగు రెండు సంపుటములు. మన పాలిటెక్నిక్కులలో చిరకాలముగా వాడుకలో నున్న గ్రంథమది. ఇంజను లోతులు ఎరుగగోరువారు రికార్డో హైస్పీడు ఇంజనులను గూర్చి వ్రాసిన గ్రంథమును చూడవచ్చును. అటుపిమ్మట కారల్ స్మిత్ 1978లో వెలువరించిన ట్యూన్ టు విన్. పేరు చూచి ఇంజను బలము పెంచు చిట్కాల కొరకు తెరచిన వానికి అందు టైర్లు, సస్పెన్షను, బ్రేకులు, బరువు పంపకమే ప్రధానముగా కనబడును. ఆపుటకు, తిప్పుటకు చేతకాని బండికి బలమెందుకన్నది అందలి సారాంశము.

నడుపుటను గూర్చి రెండు పుస్తకములు. 1955 నుండి ఇంగ్లండు పోలీసు డ్రైవర్లకు పాఠ్యముగా నున్న రోడ్‌క్రాఫ్టు ఒకటి. మలుపు రాకముందే చూచి, ముందే వేగము తగ్గించి, తగిన గేరు వేసుకొనుటను అది క్రమముగా నేర్పును. రెండవది పియరో తరూఫీ మోటారు పందెముల పద్ధతిని గూర్చి వ్రాసినది. తరూఫీ ఇటలీ ఇంజనీరు, 1957లో జరిగిన చివరి మిల్లె మిలియా పందెపు విజేత. మలుపులో బండి ఎట్లు నడచునో ఆయన లెక్క కట్టి చూపించారు. వేగము ధైర్యము కాదు, గణితమని ఆ పుస్తకము చదివినవారికి తెలియును.

మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానము ఈ చదువులోనే లభించినది. పది టన్నుల బస్సు 800 మీటర్ల ఎత్తు దిగినచో వెలువడు శక్తి, ఇంచుమించు రెండున్నర లీటర్ల పెట్రోలును మండించిన వేడికి సమానము. ఆ వేడియంతయు ఎక్కడికో పోవలెను. చిన్న గేరులో దిగినపుడు కొంత భాగమును ఇంజను భరించును. గేరు పెద్దది చేసి వేగము పెంచినచో దాదాపు అంతయు బ్రేకుల మీదనే పడును. మితిమీరి వేడెక్కిన లైనింగు ఒరిపిడిని కోల్పోవును, తొక్కిన కాలు తొక్కినట్లే ఉండగా బండి ఆగదు. మేము వేగము పెంచుమన్నపుడు ఆ వృద్ధ డ్రైవరు వినకుండుటకు కారణమిదియే. ఆయన ఈ లెక్క చదివి యుండకపోవచ్చును. ఆయన కాలికి, చేతికి అది తెలియును.

ఇంకొక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిని తయారీదారు నిర్ణయించిన తీరునకు భిన్నముగా మార్చుటను నిషేధించుచున్నది. 189వ సెక్షను రోడ్డు మీద పందెములను శిక్షార్హము చేయుచున్నది. వేగమునకు వేరే స్థలములు కలవు. కోయంబత్తూరులోనే, 1995లో విమాన ప్రమాదమున మరణించిన పందెపు కార్ల నిపుణుడు కరివర్ధన్ పేరిట ఒక పందెపు మార్గము 2003 నుండి ఉన్నది. అరకు రోడ్డు అట్టి స్థలము కాదు. ఆ మలుపుల వెంబడి గదబలు, కొండదొరలు, బగతలు సంత మూటలతో నడచి పోవుచుందురు. రోగిని కొండ దించు జీపు కూడ ఆ దారినే రావలెను. వారికి మోటారు వినోదము కాదు, ప్రాణాధారము.

కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పమైనది. పైన చెప్పిన పుస్తకములకు గ్రంథాలయములో ఒక అర, ఊడదీసి బిగించుటకు ఒక పాత ఇంజను, అది ఉంచుటకు ఒక రేకుల షెడ్డు. మన విద్యార్థులలో ఎందరి తండ్రులు, మేనమామలు షెడ్డులలోను, లారీల మీదను బ్రతుకుచున్నారో మనకు తెలియనిది కాదు. ఆ పిల్లలు తమకు తెలిసిన విద్యను దాచుకొని తరగతికి వచ్చుట మన కళాశాలకు శోభ కాదు.

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన వంతెన రహదారికి జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. హోటలులో పళ్ళెములు మోసిన చేతికి దక్కిన గౌరవమది. మా విద్యార్థి ఇంకను చదువుచున్నాడు. చేతుల మీది మరకలను ఇప్పుడు దాచుకొనుట లేదు.