మృదంగము మ్రోత – సర్ సి. వి. రామన్ గారి జీవితము

కీబోర్డుపై నొక మీట నొక్కగానే మృదంగనాదము వెలువడుట నేటి బాలబాలికలకు వింత గాదు. మన బరంపురమున పెండ్లిపందిళ్లలోను, పాఠశాల వార్షికోత్సవములలోను అట్టి వాద్యములను చూచుచునే యున్నాము. కాని ఆ నాదములో నేమేమి స్వరములు కలసియున్నవో శాస్త్రరీతిని మొదట పరీక్షించినవారు, మనకు కాంతిశాస్త్రజ్ఞులుగా మాత్రమే తెలిసిన సర్ చంద్రశేఖర వేంకట రామన్ గారు. ఫిబ్రవరి 28వ తేదీన ప్రతి పాఠశాలయందును ఆయన పేరు విందుము. ఆనాడు మృదంగము మాట ఎత్తువారు అరుదు.

రామన్ గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపమున జన్మించిరి. వారి తండ్రి చంద్రశేఖర అయ్యరు గారికి 1892లో విశాఖపట్టణమునందలి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకపదవి లభింపగా కుటుంబము అచ్చటికి తరలివచ్చెను. అప్పుడు గంజాము, విశాఖపట్టణము జిల్లాలు రెండును మదరాసు రాజధానిలోనివే. బరంపురము ఒరిస్సాలో చేరినది 1936లో. ఇంట అరవము, వీథిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఇట్లు మూడు భాషల నడుమ ఆ బాలుడు పెరిగెను. ఇట్టి బాల్యమెట్లుండునో మన పిల్లలకు వివరింప నక్కరలేదు. పదునొకండవ యేట మెట్రిక్యులేషనునందును, పదుమూడవ యేట ఎఫ్.ఏ. పరీక్షయందును ఆయన కృతార్థులైరి. తండ్రిగారికి గణితమునందెంత ప్రీతియో ఫిడేలునందు నంత ప్రీతి. ఆ తీగలే కుమారునికి ప్రథమపాఠము లైనవి.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పట్టములను రామన్ గారు పొందిరి. ఇంగ్లండుకు పోవుటకు దేహదార్ఢ్యము చాలదని వైద్యుడు చెప్పుటచే ఆ యాశ విడిచి, ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్షలో ప్రథములై నెగ్గిరి. ఆ యేడే వివాహము జరిగెను. లోకసుందరి గారిని తొలిసారి చూచినపుడు ఆమె వీణపై త్యాగరాజస్వామి కృతి నొకదానిని వాయించుచుండెనని చెప్పుదురు. అరవ యింటి వీణపై పలికినదియు తెలుగు పాటయే!

ఉద్యోగము కలకత్తాలో. మదరాసునుండి కలకత్తాకు పోవు రైలుమార్గము మన ఊరిమీదుగానే పోవును. అచ్చట బౌబజారు వీథి 210వ నంబరు ఇంట, మహేంద్రలాల్ సర్కారు గారు 1876లో స్థాపించిన విజ్ఞానపరిషత్తు ఉండెను. పరికరములు కలవు గాని పనిచేయువారు లేరు. ఉదయమున పరిశోధన, పగలు కచేరి, సాయంకాలము మరల పరిశోధన, ఇదియే ఆయన దినచర్య. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభింపగా, జీతము ఎంతయో తగ్గుచున్నను సర్కారు కొలువును విడిచిరి.

ఆ యేండ్లలో ఆయన మనస్సును పట్టుకొన్నవి వాద్యములు. ఫిడేలు తీగ కమానుక్రింద నెట్లు కదలునో ఛాయాచిత్రములు తీసి, 1918లో పెద్ద గ్రంథమును ప్రకటించిరి. కమానును కదల్పక, ఫిడేలునే ముందు వెనుకలకు నడిపించు యంత్రమును గూడ నిర్మించిరి. మనుష్యుని చేయి ఎప్పుడును ఒకే బలముతో వాయింపలేదు గదా!

తీగను మీటినపుడు మూలస్వర మొక్కటియే పుట్టదు. దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యముగల స్వరములును తోడుగా పుట్టును. వీనిని అనుస్వరము లందురు. వీని పాళ్లనుబట్టియే వీణకును వేణువునకును నాదభేదము ఏర్పడును. సింథసైజరను వాద్యము ఒకానొక పద్ధతిలో ఇట్టి స్వరములను విద్యుత్తుతో పుట్టించి కలుపును. కాని సమముగా బిగించిన చర్మమున ఈ క్రమము లేదు. గణితము ప్రకారము దాని రెండవ స్వరము మొదటిదానికి 1.59 రెట్లు, మూడవది 2.14 రెట్లు. కనుక ధ్వనియే గాని స్వరము కాదు. మన మృదంగమును, తబలాయు శ్రుతి నెట్లు పలుకుచున్నవి?

రహస్యము నడుమ అంటించిన నల్లని ముద్దలో నున్నదని, శివకాళీ కుమార్ గారితో కూడి 1920లో రామన్ గారు లండనులోని నేచర్ పత్రికలో తెలిపిరి. ఒడిస్సీ నృత్యమునకు వాయించు మర్దళమునకును అట్టి ముద్ద కలదు. ఆ బరువు చర్మపు కదలికలను సవరించును. చర్మముపై సన్నని ఇసుక చల్లి, అది కదలని చోట్ల గీతలుగా నిలుచుటను చూచి, ఒక్కొక్క కదలికను వేరుపరచిరి. 1934లో ప్రకటించిన వ్యాసము ప్రకారము తొమ్మిది విధముల కదలికలు ఐదు అనుస్వరములుగా సర్దుకొనుచున్నవి. పేరెరుగని ఏ శిల్పియో చెవితోనే సాధించిన పని యిది!

నేటి శాంప్లింగు విద్యకు ఈ విషయము పనికివచ్చును. మైకు ముందు మ్రోగిన ధ్వని విద్యుత్తరంగమగును. ఆ తరంగపు ఎత్తును క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాయుటయే శాంప్లింగు. కాంపాక్టు డిస్కుకు సెకనునకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు. మనుష్యుడు వినగల పౌనఃపున్యము సుమారు 20,000 వరకే. అత్యున్నత స్వరమునకు రెట్టింపునకు మించి కొలతలుండవలెను గనుక ఆ సంఖ్య యేర్పడెను. ఆ అంకెలను వేగముగా చదివించినచో శ్రుతి పెరుగును, మెల్లగా చదివించినచో తగ్గును. అయితే మృదంగమున తా, ధీం, నం అను దెబ్బ లొక్కొక్కటియు వేర్వేరు కదలికలను మేల్కొల్పును. వ్రేలు చర్మమును తాకియుంచినచో కొన్ని అణగిపోవును. కావున ఒక్క దెబ్బను పట్టి శ్రుతి మార్చినంతమాత్రమున మరియొక దెబ్బ పుట్టదు. ప్రతి దెబ్బను వేరుగ పట్టవలసినదే.

1921లో తంబురాను, వీణనుగూర్చియు వారు వ్రాసిరి. తీగను ఎచ్చట మీటుదుమో అచ్చట నిలకడగా నుండవలసిన అనుస్వరములు పుట్టరాదని పాశ్చాత్యుల నియమము. తంబురా గుఱ్ఱపు వంపుమీద తీగ ఒరయుటచే ఆ స్వరములును వినవచ్చునని ఆయన చూపిరి. దారముతో జీవము పట్టించుట ఎందులకో అప్పుడు తెలిసెను. 1927లో జర్మనీయందు వెలువడిన భౌతికశాస్త్ర మహాగ్రంథములో వాద్యములనుగూర్చిన భాగమును రామన్ గారే వ్రాసిరి.

తరువాతి కథ జగద్విదితము: 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితము, 1930లో నోబెల్ బహుమానము, 1933లో బెంగుళూరు, 1948లో స్వంత పరిశోధనాసంస్థ, 1954లో భారతరత్న. 1970 నవంబరు 21న ఆయన దివంగతులు కాగా ఆ సంస్థ తోటలోనే దహనము చేసిరి. కాంపాక్టు డిస్కు అంగళ్లకు వచ్చుటకు ఇంకను పండ్రెండు సంవత్సరములు గడువవలసి యుండెను.