ఫ్రెడ్ ఆర్చర్

ఫ్రెడరిక్ జేమ్స్ ఆర్చర్ (జనవరి 11, 1857 - నవంబరు 8, 1886) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ జాకీ (పందెపు గుర్రాల రౌతు). 1874 నుండి 1886 వరకు వరుసగా పదమూడు సంవత్సరాలు ఆ దేశంలో అత్యధిక పందేలు గెలిచిన జాకీగా నిలిచాడు. ఇతడు 8,084 పందేలలో స్వారీ చేసి 2,748 గెలిచాడు. అనగా ప్రతి మూడు పందేలలో ఒకటికి మించి విజయమే.

బాల్యము

ఆర్చర్ చెల్టెన్‌హామ్‌లో జన్మించి, సమీపంలోని ప్రెస్ట్‌బరీ గ్రామంలో పెరిగాడు. తండ్రి విలియం ఆర్చర్ కూడా జాకీయే. 1858లో లిటిల్ చార్లీ అనే గుర్రంపై గ్రాండ్ నేషనల్ పందెం గెలిచాడు. అన్న, తమ్ముడు కూడా ఇదే వృత్తిలోకి వచ్చారు. అన్న విలియం 1878లో చెల్టెన్‌హామ్ పందెంలో గుర్రం మీదినుండి పడి మరణించాడు. ఫ్రెడ్ పదకొండవ యేట న్యూమార్కెట్‌లో శిక్షకుడు మాథ్యూ డాసన్ వద్ద చేరాడు. బడి చదువు అంతటితో సరి.

విజయాలు

1874లో అట్లాంటిక్ అనే గుర్రంపై టూ థౌజండ్ గినీస్ గెలవడంతో పేరు మారుమ్రోగింది. ఎప్సమ్ డెర్బీని ఐదుసార్లు (1877, 1880, 1881, 1885, 1886) గెలిచాడు. వీటిలో 1880 నాటిది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ మే నెల ఆరంభంలో మ్యూలీ ఎడ్రిస్ అనే గుర్రం అతని చేతిని కరచి తీవ్రంగా గాయపరచింది. నెల తిరగకుండానే, చేతికి కట్టుతో బెండ్ ఆర్‌ను నడిపి, చివరి అడుగులలో రాబర్ట్ ద డెవిల్‌ను తలమాత్రపు తేడాతో ఓడించాడు.

బరువుతో పోరాటం

మలక్‌పేట పందేలు చూసినవారికి తెలుసు, జాకీని జీనుతో సహా తూచి, గుర్రానికి నిర్ణయించిన బరువు ఉన్నదో లేదో సరిచూస్తారు. (మౌలాలీ పందేలను ఆరవ నిజాం మలక్‌పేటకు మార్చినది ఆర్చర్ మరణించిన 1886లోనే.) ఆర్చర్ జాకీలలో చాలా పొడగరి. శీతాకాలంలో సుమారు 70 కిలోలుండే మనిషి పందేల కాలంలో 55 కిలోల లోపుకు దిగవలసి వచ్చేది. అందుకు ఉపవాసాలు, ఆవిరి స్నానాలు, ఘాటైన విరేచనపు మందులు. గెలుపులతో పాటు ఆరోగ్యమూ కరిగింది.

చివరి రోజులు

1883లో డాసన్ సోదరుని కుమార్తె హెలెన్ రోజ్‌ను వివాహమాడాడు. తొలి బిడ్డ పుట్టగానే మరణించాడు. 1884 నవంబరులో కుమార్తెను ప్రసవించిన తరువాత భార్య మరణించింది. ఆ దుఃఖం నుండి ఆర్చర్ కోలుకోలేదు. అయినా 1885లో ఒకే సంవత్సరంలో 246 పందేలు గెలిచాడు.

1886 అక్టోబరులో కేంబ్రిడ్జిషైర్ పందెంలో సెయింట్ మిరిన్‌ను నడపడానికి తిండి మాని దాదాపు 54 కిలోలకు దిగి, తలమాత్రపు తేడాతో ఓడిపోయాడు. నీరసించిన దేహానికి కొద్ది రోజులకే టైఫాయిడ్ సోకింది. జ్వర తీవ్రతలో, నవంబరు 8న న్యూమార్కెట్‌లోని స్వగృహంలో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి వయసు 29 సంవత్సరాలు. మతి స్థిమితం తప్పిన స్థితిలో జరిగినదని విచారణలో తేల్చారు.

ఇతని 246 విజయాల రికార్డును 1933లోను, మొత్తం విజయాల రికార్డును 1943లోను గోర్డన్ రిచర్డ్స్ అధిగమించాడు.