చెయ్యి అందని నట్టును తిప్పిన రాబర్ట్ హుక్

నాన్నకు బదిలీ ఉత్తర్వులు రాగానే మా ఇళ్లలో మొదట బయటికి వచ్చేది పానాల పెట్టె. మంచాలు విప్పాలి, ఇనుప ర్యాకులు విప్పాలి, కూలరు స్టాండు విప్పాలి. ఎదురుగా కనిపించే నట్లు సులువుగానే వస్తాయి. కానీ ఎప్పుడూ ఒక నట్టు మూలన దాక్కుని ఉంటుంది. పానా అక్కడిదాకా పోదు, పోయినా తిరగదు. అప్పుడు సాకెట్‌కూ పొడవాటి కడ్డీకీ మధ్య, మోకాలిలా వంగే ఒక చిన్న ముక్క తగిలిస్తారు. పిడిని ఇక్కడ తిప్పితే, వంపు అవతల నట్టు అక్కడ తిరుగుతుంది.

ఆ ముక్క పేరు యూనివర్సల్ జాయింట్. దానికే హుక్ జాయింట్ అని ఇంకో పేరుంది. ఈ హుక్ మనకు కొత్తవారు కాదు. బెండు ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అందులోని గదులకు 'సెల్' అని పేరు పెట్టిన రాబర్ట్ హుక్ ఈయనే.

హుక్ 1635 జులై 18న ఇంగ్లండులోని వైట్ దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చర్చిలో పనిచేసేవారు. చిన్నప్పుడు హుక్‌కు తరచూ తలనొప్పి వచ్చేది. అందుకని చదువు సరిగా సాగలేదు. కానీ చేతులు ఊరుకోలేదు. ఎవరో ఇత్తడి గడియారాన్ని విప్పుతుంటే చూసి, చెక్కతో అలాంటిదే చేశారు. అది నడిచింది కూడా!

ఆయనకు 13 ఏళ్లప్పుడు తండ్రి పోయారు. ఊరు విడిచి లండన్ చేరి వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో, తర్వాత ఆక్స్‌ఫర్డులో చదివారు. అక్కడ రాబర్ట్ బాయిల్‌కు సహాయకుడిగా చేరి, గాలిని తోడే పంపు తయారుచేశారు. 1662లో రాయల్ సొసైటీలో ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగం వచ్చింది. 1665లో 'మైక్రోగ్రాఫియా' పుస్తకం వెలువడింది. మరుసటి ఏడాది లండన్ తగలబడి 13,000కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. ఇళ్ల స్థలాలు కొలిచి హద్దులు తేల్చిన సర్వేయర్లలో హుక్ ఒకరు.

యూనివర్సల్ జాయింట్‌ను ఆయన వివరించింది 1676లో అచ్చయిన పుస్తకంలో, నట్ల కోసం కాదు, సూర్యుడి కోసం! దాని నిర్మాణం చిన్నదే. రెండు కడ్డీల చివర రెండు చీలికలు, వాటి మధ్య కూడిక గుర్తులాంటి ముక్క. అయితే ఇందులో ఒక చిక్కుంది. జాయింట్ వంగి ఉన్నప్పుడు మొదటి కడ్డీ సమంగా తిరిగినా, రెండోది ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. నీడ గడియారం మీద నీడ కూడా ఇలాగే సమంగా కదలదు. హుక్ ఈ పోలికను పట్టుకుని, నీడ గడియారం మీద గంటల గీతలు గీయడానికి జాయింట్‌ను వాడారు. లోపం అనుకున్నదే పనికొచ్చింది. ఇప్పటి లారీల కింద తిరిగే పొడవాటి గొట్టానికి రెండు చివర్లా ఈ జాయింట్లు ఉంటాయి. సరిగ్గా అమర్చితే ఒకదాని హెచ్చుతగ్గులను రెండోది సరిచేస్తుంది.

ఇంత చేసిన హుక్‌కు పేరు మాత్రం అంతగా దక్కలేదు. గ్రహాలను సూర్యుడు లాగే బలం గురించి తాను ముందే చెప్పానని న్యూటన్‌తో తగవు పడ్డారు. కానీ దాన్ని లెక్కకట్టి నిరూపించింది న్యూటనే. హుక్ 1703 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాదే న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యారు. 1710లో ఒక జర్మన్ యాత్రికుడు సొసైటీలో హుక్ చిత్రపటం చూసినట్టు రాసుకున్నారు. అదే ఏడాది సొసైటీ వేరే భవనానికి మారింది. తర్వాత ఆ పటం కనిపించలేదు. న్యూటనే పారేయించారని కొందరంటారు గానీ, దానికి రుజువు లేదు. ఇల్లు మారినప్పుడు ఏమేం పోతాయో మాకు తెలుసు కాబట్టి, మేము ఆ నింద మోపలేం. ఒక్కటి మాత్రం నిజం: ఇదే హుక్ ముఖం అని నిస్సందేహంగా చెప్పగల చిత్రం ఈనాడు ఒక్కటీ లేదు.

మేము కూడా మూడేళ్లకో ఊరు మారతాం. వదిలి వచ్చిన బడి హాజరు పట్టీలో మా పేర్లు ఉండవు. గ్రూపు ఫోటోలో మేమెవరమో కొత్త పిల్లలకు తెలియదు. హుక్ కథ చదివాక ఆ దిగులు కొంచెం తగ్గింది. ఆయన ముఖం పోయింది, ఆయన వివరించిన కీలు మాత్రం ప్రతి మెకానిక్ పెట్టెలో ఉంది. ఈసారి సామాను సర్దేటప్పుడు, మూలనున్న ఆ మొండి నట్టు కదలగానే మేము ఆయన్ని తలుచుకుంటాం.